ఎర్ర లైటు వెలిగేదాకా ఆగమనడం తప్పు

డీజిల్ బండికి అదనంగా ఒక ఆయిల్ ప్రెషర్ మీటరో, టెంపరేచర్ మీటరో పెట్టించుకుంటానని ఎవరైనా అంటే చాలు, చుట్టూ ఉన్నవాళ్లందరూ వద్దనడానికి బయల్దేరతారు. కంపెనీవాడికి తెలియనిది నీకు తెలిసిందా అంటారు. అవసరమైతే వాళ్లే ఇచ్చేవాళ్లు కదా అంటారు. ఏదైనా తేడా వస్తే ఎర్ర లైటు వెలుగుతుంది, అప్పుడు చూసుకోవచ్చంటారు. వైర్లు కోస్తే వారంటీ పోతుందని భయపెడతారు. చివరికి ఇదంతా కుర్రకారు షోకని కొట్టిపారేస్తారు. షోరూములో సర్వీసు అడ్వైజరు దగ్గర్నుంచి పది బండ్లు తిప్పే ఓనరు దాకా అందరిదీ ఇదే మాట. ఇందులో ఒక్క ముక్క కూడా ఇంజిన్ లోపల జరిగేదాన్ని చూసి చెప్పింది కాదు. వినీ వినీ నిజమనిపించిన మాట ఇది. దీన్ని నమ్మినందుకు హెడ్డు వంకరపోయిన బండ్లు, బేరింగులు మాడిన బండ్లు ఏ ఆటోనగర్‌కు వెళ్లినా కనిపిస్తాయి.

మొదట ఆ ఎర్ర లైటు సంగతే చూద్దాం. ఆయిల్ డబ్బా బొమ్మ ఉన్న లైటు వెనక ఉండేది కొలిచే పరికరం కాదు, ఒక స్విచ్చి. లోపల పల్చటి పొర, దాని వెనక స్ప్రింగు. ఆయిల్ ప్రెషర్ ఆ స్ప్రింగును నొక్కిపెట్టినంతసేపూ లైటు ఆరి ఉంటుంది. ప్రెషర్ పడిపోయి స్ప్రింగుదే పైచేయి అయితే వెలుగుతుంది. ఆ హద్దు చాలా బండ్లలో 0.3 నుంచి 0.5 బార్ మధ్య, అంటే సుమారు 4 నుంచి 7 పీఎస్ఐ. ఇంత కిందికి ఎందుకు పెట్టారంటే, ఇంజిన్ బాగా వేడెక్కి ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆయిల్ పల్చబడి ప్రెషర్ మామూలుగానే తగ్గుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా లైటు మిణుకుమంటే కొన్నవాడు బండి తీసుకుని షోరూముకు వచ్చేస్తాడు. అందుకని ఐడిల్‌కు సరిపోయే హద్దు ఒకటి పెట్టి వదిలేశారు.

కానీ ఇంజిన్ దెబ్బతినేది ఐడిల్‌లో కాదు, లోడు మీద. ప్రతి 1000 ఆర్పీఎంకు 10 పీఎస్ఐ ఉండాలన్నది మెకానిక్కులు ఎప్పట్నుంచో వాడే మోటు లెక్క. దాని ప్రకారం 2500 ఆర్పీఎంలో బరువు లాగుతున్న ఇంజిన్‌కు 25 పీఎస్ఐ కావాలి. పంపు అరిగిపోయో, అడుగున స్ట్రైనర్‌కు మడ్డి పట్టో అది 12కు దిగిందనుకోండి. లైటు వెలగదు. ఆ స్విచ్చికి 12 అంటే అంతా బాగున్నట్టే. ఆ సమయంలో క్రాంక్ బేరింగుల మీద ఆయిల్ పొర తెగిపోతుంటుంది. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే టర్బో షాఫ్టు ఆయిల్ మీద తేలడం మానేసి లోహాన్ని రాసుకోవడం మొదలుపెడుతుంది. మీటరు ఉన్న డ్రైవరు రోజూ చూసే 40 ఈ వారం 30 అయిందని గమనిస్తాడు, వచ్చే వారం 25 అయితే బండి ఆపి ఫిల్టరు, ఆయిలు, పంపు చూపిస్తాడు. లైటు మాత్రమే ఉన్న డ్రైవరుకు ఈ కబురు బేరింగు చప్పుడు రూపంలోనే అందుతుంది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాక మంట తగ్గించడం ఎంత జాగ్రత్తో, ఈ లైటును నమ్ముకోవడమూ అంతే జాగ్రత్త.

మా బండిలో లైటు కాదు, మీటరే ఉంది కదా అనేవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ తన ట్రక్కుల్లో 1980ల చివర్నుంచి చాలా ఏళ్లపాటు ఆయిల్ ప్రెషర్ మీటరు ఇచ్చింది. అందులో ముల్లు ఉంది, గీతలున్నాయి. వెనక ఉన్నది మాత్రం అదే స్విచ్చి. ప్రెషర్ 6 పీఎస్ఐ దాటితే చాలు, మధ్యలో పెట్టిన ఒక రెసిస్టర్ ముల్లును సరిగ్గా నడిమికి తెచ్చి నిలబెడుతుంది. ప్రెషర్ 8 ఉన్నా నడిమే, 60 ఉన్నా నడిమే. అసలు మీటరు పెడితే ముల్లు సహజంగా పైకీ కిందికీ కదులుతుంది, అది చూసి జనం కంగారుపడి సర్వీసుకు వస్తారు. కదలని ముల్లు పెడితే కంగారు ఉండదు. ఇది ఇంజిన్ క్షేమం కోసం తీసుకున్న నిర్ణయం కాదు. కంపెనీ ఇంజనీర్లకు మనకన్నా బాగా తెలుసన్న మాట నిజమే, వాళ్లకు బాగా తెలుసు. కానీ తెలిసినదంతా డ్యాష్‌బోర్డు మీద పెట్టరు. ఏది చూపాలన్నది తేల్చేటప్పుడు ఖర్చు, ఫిర్యాదులు, వారంటీ గడువు కూడా లెక్కలోకి వస్తాయి. మీటర్ల స్థానంలో లైట్లు పెట్టే అలవాటు 1930ల మధ్యలో అమెరికాలోనే హడ్సన్ కంపెనీతో మొదలైందంటారు. అప్పట్నుంచీ లైటుకు పట్టే ఖర్చు తక్కువే, అది ఇచ్చే సమాచారమూ తక్కువే.

టెంపరేచర్ ముల్లు విషయంలో మోసం ఇంకా మెత్తగా జరుగుతుంది. చాలా కార్లలో ఆ ముల్లును కంప్యూటరే నడుపుతుంది. కూలెంట్ వేడి ఒక మోస్తరు పరిధిలో ఎక్కడున్నా ముల్లును నడిమిలోనే పట్టి ఉంచుతుంది. ఫోక్స్‌వ్యాగన్ కార్లలో దాదాపు 75 డిగ్రీల నుంచి 105 దాటేదాకా ముల్లు 90 దగ్గరే నిలబడి ఉంటుంది. మరెన్నో కంపెనీలది ఇదే పద్ధతి. అంటే థర్మోస్టాట్ సరిగా తెరుచుకోకపోయినా, రేడియేటర్ సగం మూసుకుపోయినా, ఫ్యాన్ క్లచ్ జారుతున్నా, 90లో ఉండాల్సిన ఇంజిన్ నెలల తరబడి 100లో నడుస్తున్నా డ్రైవరుకు కనిపించేది ఒకటే, నడిమి గీత. ఆ ముల్లు కదిలిందంటే పరిస్థితి అప్పటికే చేయి దాటబోతోందని అర్థం. డ్రైవరు బండి పక్కకు తీసి బానెట్ ఎత్తేలోపు అది ఎర్రగీతను తాకుతుంది.

ఇంతకన్నా ఘోరమైనది, డీజిల్ బండి నడిపే ప్రతివాడూ తెలుసుకోవాల్సినది మరొకటుంది. టెంపరేచర్ సెన్సరు కొలిచేది ఇంజిన్ వేడిని కాదు, తనను తాకుతున్న కూలెంట్ వేడిని. కింది హోసు పగిలో, వాటర్ పంపు సీలు పోయో కూలెంట్ అంతా రోడ్డు పాలయిందనుకోండి. సెన్సరు చుట్టూ ద్రవం ఉండదు, గాలీ ఆవిరీ మాత్రమే ఉంటాయి. అవి ద్రవంలాగా వేడిని అందించలేవు. అప్పుడు ముల్లు పైకి పోవాల్సింది పోయి నడిమిలోనే ఉంటుంది, ఒక్కోసారి కిందికి కూడా దిగుతుంది. డ్యాష్‌బోర్డు ప్రశాంతంగా ఉంటుంది, లోపల అల్యూమినియం హెడ్డు కాలిపోతుంటుంది. ఇంజిన్ గుంజడం మానేసిందని డ్రైవరుకు అనుమానం వచ్చేసరికి హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటుంది. తర్వాత హెడ్డు విప్పి, ఫేసింగ్ కొట్టించి, పగులు ఉందేమోనని చూపించి, అదీ కుదరకపోతే కొత్త హెడ్డు వేయించుకోవాలి. బండి నడిచినంతసేపూ ముల్లు నడిమిలోనే ఉంది సార్ అని ఆ డ్రైవరు చెబితే ఓనరు నమ్మడు. డ్రైవరే నిర్లక్ష్యం చేశాడంటాడు. జీతంలో కోత పెట్టేవాళ్లూ ఉన్నారు. నిజానికి ఆ డ్రైవరు అబద్ధమాడలేదు. అతనికి బండే అబద్ధం చెప్పింది.

దీనికి మందు చాలా సాదాసీదా పరికరం. హెడ్డు మీదున్న ఒక బోల్టు కింద వాషరులాగా కూర్చునే సెన్సరు దొరుకుతుంది. అది కూలెంట్‌ను పట్టించుకోదు, నేరుగా లోహం వేడిని చదువుతుంది. నీళ్లున్నా లేకపోయినా నిజమే చెబుతుంది. క్యారవాన్లు తగిలించుకుని ఊరూరికీ మధ్య వందల కిలోమీటర్లు పోయే ఆస్ట్రేలియా డీజిల్ జీపులవాళ్లలో ఇలాంటివి పెట్టించుకునేవాళ్లు చాలామంది. దానితోపాటు కూలెంట్ మట్టం తగ్గగానే కూసే చిన్న అలారం కూడా పెడతారు. మన దగ్గర ఎండాకాలంలో ఏసీ వేసుకుని, ఏడుగురిని ఎక్కించుకుని, పైన సామాను కట్టుకుని ఘాటు ఎక్కే బండ్లకు ఇది అక్కర్లేదని ఎలా అంటారో నాకు అర్థం కాదు.

ఘాటు మాట వచ్చింది కాబట్టి ఎగ్జాస్ట్ వేడి చూపే మీటరు గురించి చెప్పి తీరాలి. దీన్ని చూసి నవ్వేవాళ్లే ఎక్కువ. పెట్రోలు ఇంజిన్‌కూ డీజిల్ ఇంజిన్‌కూ ఉన్న ముఖ్యమైన తేడా తెలియకపోవడం వల్లే ఆ నవ్వు. పెట్రోలు ఇంజిన్‌లోలాగా డీజిల్ ఇంజిన్ శక్తిని గాలిని ఆపి తగ్గించరు, పోసే డీజిల్‌ను బట్టే శక్తి. గాలికి మించి డీజిల్ పోస్తే నల్లపొగ వస్తుంది, దాంతోపాటు వేడి పెరుగుతుంది. శ్రీశైలం ఘాటులో నిండు బండి నాలుగో గేరులో గునుస్తూ ఎక్కుతోందనుకోండి. ఆర్పీఎం తక్కువ, టర్బో నుంచి వచ్చే గాలి తక్కువ, డ్రైవరు కాలు మాత్రం యాక్సిలరేటర్ మీద పూర్తిగా దిగి ఉంది. టర్బోకు ముందు పెట్టిన థర్మోకపుల్, అంటే ఈ మీటరు సెన్సరు, ఎగ్జాస్ట్ వేడిని క్షణాల్లో పట్టుకుంటుంది. 500 డిగ్రీలున్నది కళ్లముందే 600, 650 అవుతుంది. ఎంతసేపు లాగినా 700 డిగ్రీలు దాటనివ్వకూడదన్నది డీజిల్ వాళ్లు సాధారణంగా పాటించే హద్దు. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర. పిస్టన్‌ను కింద నుంచి ఆయిల్ చల్లబరుస్తుంటుంది కాబట్టి గ్యాసు వేడంతా దానికి ఎక్కదు, అందుకే ఆ మాత్రం వెసులుబాటు. ఇప్పుడు డ్రైవరు మూడో గేరు వేస్తే ఆర్పీఎం పెరుగుతుంది. టర్బో గాలి నింపుతుంది, వాటర్ పంపూ ఫ్యానూ జోరందుకుంటాయి, అదే ఎక్కుడులో అదే వేగంతో పోతూనే అంకె దిగడం మొదలవుతుంది. కూలెంట్ ముల్లుకు ఈ కథంతా తెలియదు. నీళ్లు వేడెక్కడానికి నిమిషాలు పడతాయి, పిస్టన్ నెత్తి కాలడానికి అంత వ్యవధి అక్కర్లేదు. ఏ గేరులో ఎక్కాలో పాతికేళ్ల అనుభవం నేర్పుతుందన్న మాట నిజమే. ఆ అనుభవాన్ని కొత్త కుర్రాడికి వారంలో నేర్పగలిగేది ఈ మీటరు.

అమెరికా పికప్ ట్రక్కుల దగ్గర ఈ మీటర్ల పద్ధతి ఇంతగా పాతుకుపోవడానికి కారణం షోకు కాదు, దెబ్బలు తినడం. 1998 నుంచి 2002 దాకా వచ్చిన డాడ్జ్ రామ్ ట్రక్కుల్లో కమిన్స్ ఇంజిన్‌కు బాష్ వారి వీపీ44 ఇంజెక్షన్ పంపు ఉండేది. ఆ పంపు చల్లబడేదీ, దాని భాగాలకు జారుడు దొరికేదీ దానిలోంచి పారే డీజిల్‌తోనే. దానికి డీజిల్ అందించే చిన్న లిఫ్ట్ పంపు బలహీనమైంది. అది నీరసించినా ట్రక్కు నడుస్తూనే ఉంటుంది, ఎందుకంటే ఇంజెక్షన్ పంపు తనే లాక్కుంటుంది. అలా లాక్కుంటూ లాక్కుంటూ ఒకరోజు అదే చచ్చిపోతుంది. చిన్న పంపు ఖరీదు కొంచెమే, పెద్ద పంపుది వెయ్యి డాలర్ల పైమాట. లిఫ్ట్ పంపు ప్రెషర్ తగ్గిందని చెప్పే మీటరు గానీ లైటు గానీ కంపెనీ డ్యాష్‌బోర్డు మీద లేదు. ఓనర్లు ఫ్యూయల్ ప్రెషర్ మీటరు సొంతంగా పెట్టించుకున్నాకే జబ్బు ఎక్కడుందో కళ్లకు కట్టింది.

2003 నుంచి 2007 దాకా ఫోర్డ్ పికప్‌లలో వచ్చిన 6 లీటర్ల పవర్‌స్ట్రోక్ ఇంజిన్ కథ ఇంకా గట్టి సాక్ష్యం. ఆ ఇంజిన్ మధ్యలో ఒక ఆయిల్ కూలర్ ఉంది. దానిలోని సన్నటి దారులు మడ్డితో పూడుకుపోయేవి. దాని తర్వాత వరుసలో ఉన్న, పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్‌కు కూలెంట్ అందక అది పగిలేది, చివరికి హెడ్ గ్యాస్కెట్లు లేచిపోయేవి. ఇదంతా జరగడానికి ముందు చాలా రోజులపాటు ఒక గుర్తు కనిపిస్తుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి హైవే మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు ఆయిల్ వేడికీ కూలెంట్ వేడికీ మధ్య తేడా 15 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే సుమారు 8 సెల్సియస్ డిగ్రీలు దాటుతుంది. దాటితే కూలర్ మార్చే సమయం వచ్చినట్టు. ఆ రెండు అంకెలూ ట్రక్కు కంప్యూటర్‌లో ఉన్నాయి, డ్రైవరు కళ్లముందు లేవు. చిన్న డిజిటల్ మీటరు తగిలించుకుని ఆ రెండూ పక్కపక్కన చూసుకున్నవాళ్లు కూలర్ ఒక్కటి మార్చుకుని బయటపడగలిగారు. చూసుకోని చాలామందికి ఇంజిన్ పనే మిగిలింది. కంపెనీ ఇవ్వలేదు కాబట్టి అక్కర్లేదన్న వాదన ఈ రెండు ఇంజిన్ల దగ్గర కూలిపోయింది. మళ్లీ దాన్ని లేపి నిలబెట్టడం ఎవరి తరమూ కాదు.

కొత్త బండ్లలో వేడెక్కితే కంప్యూటరే పవర్ తగ్గించేస్తుంది కదా అంటారు. తగ్గిస్తుంది, తన సెన్సరు చెప్పినప్పుడు. గాలిలో వేలాడే సెన్సరు ముల్లును మోసం చేసినట్టే కంప్యూటర్‌నూ మోసం చేస్తుంది. పైగా నిండు లోడుతో ఘాటు మలుపులో పవర్ ఉన్నట్టుండి పడిపోవడం కూడా ప్రమాదమే. పది నిమిషాల ముందే అంకె పెరుగుతోందని తెలిస్తే డ్రైవరు తనకు అనువైన చోట ఆపుకుంటాడు. బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివి ఫోనులో చూపే చిన్న ఓబీడీ రీడర్ చాలదా అని ఇంకొందరు అడుగుతారు. ఓబీడీ సాకెట్టు ఉన్న బండిలో తప్పకుండా వాడమనే చెబుతాను. అసలు కూలెంట్ వేడి డిగ్రీల్లో చూపిస్తుంది, బూస్ట్ చూపిస్తుంది. బీఎస్-6 డీజిల్ బండ్లు చాలావాటిలో పొగలోని మసిని పట్టే ఫిల్టరులో, అంటే డీపీఎఫ్‌లో, ఎంత మసి పేరుకుందో కూడా సరైన యాప్ ఉంటే చదవచ్చు. డీపీఎఫ్ లైటు వెలగకముందే బండిని హైవే ఎక్కించి ఆ మసిని కాల్చేయొచ్చు. కానీ కంపెనీ ఏ సెన్సరు పెట్టిందో దాన్నే అది చదవగలదు. ఆయిల్‌కు స్విచ్చి మాత్రమే ఉన్న ఇంజిన్‌లో ఓబీడీకి ప్రెషర్ అంకె ఎక్కడ్నుంచి వస్తుంది? ఓబీడీ సాకెట్టే లేని పాత బొలెరోలు, సుమోలు, టిప్పర్లు, ట్రాక్టర్ల మాటేమిటి?

మీటరు చూస్తూ డ్రైవరు రోడ్డు మరిచిపోతాడన్న వాదనకు జవాబు ప్రతి లారీలోనూ ఉంది. ఎయిర్ బ్రేకులున్న బండిలో గాలి ప్రెషర్ చూపే మీటరు ఉంటుంది, తగ్గితే మోగే బజరూ ఉంటుంది. అమెరికా ప్రమాణాలైతే మీటరూ, తగ్గినప్పుడు హెచ్చరించే సంకేతమూ రెండూ ఉండి తీరాలంటాయి. బ్రేకుల దగ్గర మీటరు ఏకాగ్రతను చెడగొడుతుందని ఏ పెద్దమనిషీ అనలేదు. అదే కన్ను ఇంకో ముల్లును చూస్తే కొత్తగా వచ్చే ముప్పేమీ లేదు.

ఇక వారంటీ. ఇందులో కొంత నిజముంది, దాన్ని దాచను. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. బయటి వస్తువు బిగించాడన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ ఎగ్గొట్టడం అక్కడ కుదరదు. మన దగ్గర అంత స్పష్టమైన చట్టం అండగా లేదు. వైరింగ్ కోసినట్టు కనిపిస్తే ఆ సాకుతో క్లెయిము తోసేస్తారు. అందుకే వారంటీలో ఉన్న బండికి వైరు కోయకుండా ఓబీడీ రీడరు, బోల్టు కింద కూర్చునే సెన్సరు చాలంటాను. కానీ ఈ భయాన్ని పదేళ్లు దాటిన బండికి కూడా అంటగట్టడం అన్యాయం. వారంటీ ఎప్పుడో ముగిసింది, ఇంజిన్ పోతే నష్టం ఓనరుదే. మీటరు పెడితే ఆర్టీవో పట్టుకుంటాడనీ కొందరు అంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ పట్టించుకునేది రిజిస్ట్రేషన్‌లోని వివరాలను తారుమారు చేసే మార్పులను. డ్యాష్‌బోర్డు మీద ఒక మీటరు ఆ వివరాల్లో దేన్నీ మార్చదు.

చెడ్డ పనితనం వల్ల మీటరే బండిని ముంచిన సందర్భాలున్నాయి. ఆ పేరు చెప్పి మీటర్లనే వద్దనడం కన్నా ఎలా పెట్టాలో చెప్పడం మేలు. ఆయిల్ స్విచ్చి విప్పి, ఇత్తడి టీ జాయింటు బిగించి, దానికి బరువైన సెన్సరును అలాగే వేలాడదీస్తే డీజిల్ ఇంజిన్ అదురుకు ఆ టీ మెడ దగ్గర విరుగుతుంది, ఆయిలంతా రోడ్డు మీద ఉంటుంది. చిన్న హోసు పెట్టి సెన్సరును బాడీకి క్లాంపు చేయాలి. మరలు కూడా చూసుకోవాలి. 1/8 సైజులో బ్రిటిష్ బీఎస్‌పీ మరకు అంగుళానికి 28 చుట్లు, అమెరికా ఎన్‌పీటీకి 27. ఒకదానిలో ఇంకొకటి చేత్తో రెండు చుట్లు ఎక్కుతుంది, స్పానరుతో బిగిస్తే మర చెడుతుంది. వేడి ఆయిల్ గొట్టాన్ని క్యాబిన్‌లోకి తేకండి, కరెంటు సెన్సరే మంచిది. థర్మోకపుల్ కోసం మానిఫోల్డ్‌కు రంధ్రం వేసేటప్పుడు దాన్ని విప్పి వేయించడమే పద్ధతి. లేకపోతే ఇనుప రజను నేరుగా టర్బో రెక్కల్లోకి పోతుంది. దాని వైరు చాలకపోతే మామూలు రాగి వైరు అతికించకూడదు, రీడింగే తప్పుతుంది. ప్రతి మీటరుకూ ఫ్యూజు, ఫైర్‌వాల్ దాటే చోట రబ్బరు గ్రోమెట్ ఉండాలి. పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న బండిలో అద్దం పక్క పిల్లరు మీద మీటరు పెట్టకండి, బ్యాగు తెరుచుకుంటే అది మొహం మీదికి దూసుకొస్తుంది.

ఇంత పని చేయించినా అయ్యేది కొన్ని వేల రూపాయలు. ఇంజిన్ పూర్తిగా విప్పితే లక్ష దాటడం మామూలు. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లు కిరాయి రాదు, ఫైనాన్సు కిస్తీ మాత్రం ఆగదు. ఒకే బండి మీద ఇల్లు నడుపుకునే మనిషికి ఇది షోకని చెప్పడం నా దృష్టిలో క్రూరత్వం.

కొత్త డీజిల్ బండి కొనడానికి వెళ్లినప్పుడు సేల్స్ కుర్రాడిని రెండు ప్రశ్నలు అడగండి. ఈ ఆయిల్ లైటు ఎంత ప్రెషర్ దగ్గర వెలుగుతుంది? టెంపరేచర్ ముల్లు నడిమిలో ఉంటే కూలెంట్ ఎన్ని డిగ్రీల నుంచి ఎన్ని డిగ్రీల దాకా ఉండవచ్చు? ఆ రెండు అంకెలూ ఇంజిన్ తయారుచేసినవాళ్ల కాగితాల్లో ఉన్నాయి. ఓనరు మాన్యువల్‌లో అచ్చు వేయడానికి ఒక్క పేరా చాలు. వేయమని రాతపూర్వకంగా అడగండి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి.